ఆయాసం ముదిరి ఆసుపత్రిలో చేరితే యాంటీబయాటిక్ ఎవరికి, ఎప్పుడు?

చలికాలం వచ్చిందంటే ఛాతీ వార్డుల్లో ఈ దృశ్యం మామూలే. ఏళ్ళ తరబడి చుట్టో బీడీయో కాల్చిన పెద్దాయన, లేదా ముప్ఫై నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్న పెద్దావిడ, మంచం మీద ముందుకి వంగి మోకాళ్ళకి చేతులు ఆనించి ఊపిరి కోసం అవస్థ పడుతుంటారు. సీవోపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ముక్కుకి ఆక్సిజన్, మూతికి నెబులైజర్ మాస్కు, చేతికి సెలైన్. పక్కనున్న కొడుకో కోడలో డాక్టర్ని అడిగే మొదటి మాట ఒకటే: "సార్, యాంటీబయాటిక్ పెట్టారా?" పెట్టామంటే నిశ్చింత. "ఇప్పుడే అక్కర్లేదు, చూద్దాం" అంటే టెన్షన్. డబ్బు తక్కువని తక్కువ మందు వాడుతున్నారేమో అన్న అనుమానం కూడా.

నిజానికి ఈ ప్రశ్న మీద డాక్టర్ల మధ్యే వాదన తెగలేదు. నలభై ఏళ్ళుగా పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి. వాటిలో కొన్ని "తప్పకుండా ఇవ్వండి" అంటే, కొన్ని "అందరికీ అక్కర్లేదు" అంటున్నాయి. రెండు మాటల్లోనూ నిజముంది. అదెలాగో చూద్దాం.

జబ్బేమిటి, ముదరడమంటే ఏమిటి

సీవోపీడీ అంటే ఊపిరితిత్తుల్లోని గాలిగొట్టాలు ఇరుకైపోయి, చివర్లో ఉండే సన్నటి గాలి తిత్తులు చెడిపోయి, పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాలేని స్థితి. వచ్చాక పోదు, అదుపులో ఉంచుకోవడమే. ఉబ్బసం వేరు, ఇది వేరు. మన ఇళ్ళల్లో మాత్రం రెండింటినీ కలిపి "ఆయాసం జబ్బు" అనేస్తాం. దేశంలో 1990లో 2.8 కోట్ల మందికి ఇది ఉండగా, 2016 నాటికి సుమారు 5.5 కోట్లయిందని అంచనా. పొగాకు వల్లే వస్తుందనుకోవడం సగం నిజమే. ఆ అంచనాలోనే ఈ జబ్బు భారంలో సగానికి పైగా గాలి కాలుష్యానిది. అందులో వంటింటి పొగ కూడా ఉంది. పొగాకు వాటా నాలుగో వంతు.

రోజూ ఉండే దగ్గూ ఆయాసమూ రెండు వారాల లోపు ఉన్నట్టుండి పెరిగితే దాన్ని "ముదరడం" అంటున్నాం. పెరిగిందని చెప్పడానికి డాక్టర్లు మూడు విషయాలు చూస్తారు: ఆయాసం ఎక్కువైందా, కళ్ళె ఎక్కువ పడుతోందా, కళ్ళె రంగు మారి చీములా అయిందా. కొన్ని చోట్ల కళ్ళెనే తెమడ అంటారు. ఏ పేరుతో పిలిచినా ఈ కథలో దానిదే పెద్ద పాత్ర.

ఇక్కడే ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. ఎక్స్‌రేలో కొత్తగా మచ్చ కనిపించి, జ్వరం కూడా ఉంటే అది న్యుమోనియా కావచ్చు. దానికి యాంటీబయాటిక్ కావాలి, అందులో వాదన లేదు. మనం మాట్లాడుకుంటున్నది న్యుమోనియా లేకుండా ఆయాసం ముదిరినవాళ్ళ గురించి.

బ్యాక్టీరియా దొరికినంత మాత్రాన అదే దోషి కాదు

ఆయాసం ముదరడానికి కారణాలు చాలా ఉన్నాయి. మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్, ఫ్లూ వైరస్ లాంటివి ఒక గుంపు. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే, న్యుమోకాకస్, మొరాక్సెల్లా అనే బ్యాక్టీరియాలు ఇంకో గుంపు. పొగ, దుమ్ము, చలిగాలి మరొకటి. కొందరిలో ఇసినోఫిల్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు పెరిగి, అలర్జీ తరహా వాపుతో ఆయాసం వస్తుంది. గుండె బలహీనతో, ఊపిరితిత్తిలో రక్తం గడ్డకట్టడమో అచ్చం ఇలాగే కనిపించి మోసం చేయడమూ ఉంది. యాంటీబయాటిక్ పనిచేసేది వీటన్నిటిలో బ్యాక్టీరియా మీద మాత్రమే.

మరి కళ్ళె పరీక్షకి పంపి బ్యాక్టీరియా ఉందో లేదో చూస్తే సరిపోదా? సరిపోదు. స్పెయిన్‌లో 1995లో గొట్టం వేసి, నోటి క్రిములు అంటకుండా, ఊపిరితిత్తుల లోపలి నుంచి నమూనాలు తీశారు. ఆయాసం ముదిరినవాళ్ళలో సగం మందికి బ్యాక్టీరియా దొరికింది. నిలకడగా, హాయిగా ఉన్నవాళ్ళలో కూడా నాలుగో వంతు మందికి దొరికింది! అంటే దెబ్బతిన్న గాలిగొట్టాల్లో కొందరికి బ్యాక్టీరియా ఎప్పుడూ కాపురముంటుంది. ఊళ్ళో దొంగతనం జరిగిన రోజున ఊళ్ళోనే ఉన్నాడని ఒకణ్ణి పట్టుకుంటే ఎలా ఉంటుందో, కల్చర్ (కళ్ళెలోని క్రిముల్ని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) రిపోర్టులో పేరు కనిపించగానే దానికి మందు మొదలుపెట్టడం కూడా అలాంటిదే. పైగా కల్చర్ ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా నిర్ణయం అయిపోయి ఉంటుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఆసుపత్రిలో చేరిన మొదటి గంటల్లో రోగికి ఊరట తెచ్చేది ఎక్కువగా యాంటీబయాటిక్ కాదు. గొట్టాలని విప్పే నెబులైజర్ మందులు, వాపు తగ్గించే స్టెరాయిడ్, కొలిచి ఇచ్చే ఆక్సిజన్, అవసరమైతే మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే బైపాప్ యంత్రం, ఆ పని ఇవి చేస్తాయి. ఆక్సిజన్ కూడా ఎంత ఎక్కువైతే అంత మంచిది కాదు. ఈ రోగుల్లో సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ స్థాయి, 88 నుంచి 92 శాతం మధ్య ఉండేలా చూస్తారు. అన్నీ ఒకేసారి మొదలవుతాయి కాబట్టి తెల్లారేసరికి తేలికపడితే ఆ పేరు మాత్రం ఇంజెక్షన్‌కి దక్కుతుంది.

కళ్ళె రంగు మాటున ఉన్న లెక్క

1987లో కెనడాలోని వినిపెగ్‌లో నికోలస్ ఆంథోనిసెన్ బృందం చేసిన అధ్యయనం ఇవాళ్టికీ ఈ చర్చకి పునాది. 173 మంది రోగులు, 362 సార్లు ఆయాసం ముదరడం. కొందరికి యాంటీబయాటిక్, కొందరికి అలాగే కనిపించే ఉత్త మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్తోందో రోగికీ డాక్టరుకీ తెలియదు. మందు పడినవాళ్ళలో 68 శాతం, ఉత్త మాత్ర పడినవాళ్ళలో 55 శాతం బాగుపడ్డారు.

వందమందిని ఊహించుకుని ఈ అంకెల్ని చదవండి. మందు లేకపోయినా 55 మంది కోలుకునేవాళ్ళే. మందు వల్ల అదనంగా కోలుకున్నది 13 మంది. మిగతా 32 మంది మందు పడినా అనుకున్న సమయానికి తేరుకోలేదు. యాంటీబయాటిక్ వల్ల లాభముందన్న వాదం ఆ 13 మందిని చూపిస్తుంది, అందరికీ వద్దన్న వాదం మిగతా 87 మందిని చూపిస్తుంది. అంకె ఒకటే.

ఆ 13 మంది ఎవరో ముందే కనిపెట్టడం ఎలా అన్నదే అసలు సమస్య. ఆంథోనిసెన్ ఒక ఆధారం చూపించాడు. పైన చెప్పిన మూడు లక్షణాలూ ఉన్నవాళ్ళకి లాభం ఎక్కువగా, ఒక్కటే ఉన్నవాళ్ళకి దాదాపు లేనట్టుగా తేలింది. 2000లో ఇంగ్లండ్‌లో ఇంకో బృందం కళ్ళె రంగు మీదే దృష్టి పెట్టింది. ఆకుపచ్చగా, చీములా ఉన్న కళ్ళెలో 84 శాతానికి బ్యాక్టీరియా పెరిగింది, తెల్లగా జిగురుగా ఉన్నదాంట్లో 38 శాతానికే. తెల్ల కళ్ళె ఉన్న 34 మందిలో 32 మంది యాంటీబయాటిక్ లేకుండానే కోలుకున్నారు.

ఆకుపచ్చ రంగు బ్యాక్టీరియాది కాదు. వాటితో పోరాడటానికి వచ్చిన న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాల్లోని ఒక ఎంజైము రంగది. అందుకే అది ఇన్ఫెక్షన్‌కి పక్కా రుజువు కాదు, గట్టి సూచన. రోగి "రంగు మారిందండీ" అంటే నమ్మి ఊరుకోకుండా తెల్ల డబ్బాలో పట్టి కళ్ళతో చూడటం మంచి వార్డుల్లో అలవాటు. రూపాయి ఖర్చు లేని పరీక్ష, అయినా హడావిడిలో ముందుగా ఎగిరిపోయేది ఇదే.

ఆసుపత్రిలో చేరినవాళ్ళ దగ్గరికొస్తే ఎందుకింత తికమక

ఆంథోనిసెన్ రోగులు ఇంటి దగ్గరుండి మందులు వాడినవాళ్ళు. వార్డులో పడుకున్నవాళ్ళ సంగతి వేరు. జబ్బు తీవ్రం, తప్పు చేస్తే సరిదిద్దుకునే వ్యవధి తక్కువ.

ఒక కొసన ట్యునీషియా అధ్యయనం ఉంది. ఇది 2001లో వచ్చింది. వెంటిలేటర్ అవసరమైనంత తీవ్రంగా ఉన్న 93 మందిలో 47 మందికి ఆఫ్లాక్సాసిన్, 46 మందికి ఉత్త మాత్ర ఇచ్చారు. ఆసుపత్రిలో చనిపోయినవాళ్ళు మందు గుంపులో ఇద్దరు, ఉత్త మాత్ర గుంపులో పదిమంది. ఆరుగురికి మందిస్తే ఒక ప్రాణం నిలిచినట్టు లెక్క. ఇంత పెద్ద లాభం వైద్యంలో అరుదు. ఐసీయూలో ఉన్న ఇలాంటి రోగికి యాంటీబయాటిక్ ఆపే ధైర్యం ఇవాళ ఎవరూ చేయకపోవడానికి ఇదో ముఖ్య కారణం. అధ్యయనం చిన్నదన్న మాట మాత్రం మర్చిపోకూడదు.

ఇంకో కొసన నెదర్లాండ్స్‌లో 2010 నాటి అధ్యయనం. మామూలు వార్డులో చేరిన రోగులందరికీ స్టెరాయిడ్ ఇచ్చి, సగం మందికి దానికి తోడు డాక్సీసైక్లిన్ ఇచ్చారు. పదో రోజుకి డాక్సీసైక్లిన్ గుంపు కొంత మెరుగ్గా ఉంది. ముప్ఫయ్యో రోజుకి చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. అంటే ఇక్కడ మందు చేసిన మేలు ఎక్కువగా కోలుకోవడం కాస్త తొందరపడటమే.

2018లో, వైద్య పరిశోధనల్ని కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ ఇలాంటి 19 అధ్యయనాల్ని గుదిగుచ్చి చూసింది. ఐసీయూలో లాభం స్పష్టం, కానీ దానికి ఆధారం ఒక్క అధ్యయనమే. ఇంటి దగ్గరున్నవాళ్ళలో కొంత లాభం. మధ్యలో ఉన్న మామూలు వార్డు రోగుల్లో, ఇప్పుడు వాడుకలో ఉన్న మందులతో, లాభం ఉన్నట్టే కనిపించినా కచ్చితంగా చెప్పలేని స్థితి. రోజూ అత్యధికంగా యాంటీబయాటిక్ పడుతున్న చోటే రుజువు పలచగా ఉండటం ఈ కథలో వింత.

"అయితే అందరికీ ఇచ్చేద్దాం" అనేవాళ్ళ చేతిలో ఒక బలమైన కాగితముంది. అమెరికాలో 413 ఆసుపత్రుల్లో చేరిన 84,621 మంది రికార్డులు పరిశీలించి 2010లో ప్రచురించారు. మొదట్లోనే యాంటీబయాటిక్ పడినవాళ్ళలో మరణాలు 1.04 శాతం, పడనివాళ్ళలో 1.59 శాతం. వెయ్యిమందికి లెక్కేస్తే 16 మరణాల చోట 10. విరేచనాలతో ప్రాణం మీదికి తెచ్చే క్లోస్ట్రీడియం డిఫిసిల్ ఇన్ఫెక్షన్‌తో మళ్ళీ చేరినవాళ్ళు వెయ్యికి ఒకరి చోట ఇద్దరయ్యారు. లాభమే ఎక్కువన్నట్టు లేదూ? కానీ ఇది చీటీలు తీసి గుంపులుగా పంచిన అధ్యయనం కాదు. ఎవరికి ఇవ్వాలో డాక్టర్లే తేల్చుకున్నారు, పరిశోధకులు తర్వాత పోల్చారు. రెండు గుంపులూ అన్ని విధాలా సమానమని ఎంత సర్దుబాటు చేసినా ఒట్టేసి చెప్పలేం.

ఇవ్వడమా మానడమా అన్నది పోట్లాటలా కనిపించినా, చాలావరకు ఇద్దరూ వేర్వేరు రోగుల గురించి మాట్లాడుతున్నారనే నాకనిపిస్తుంది. వెంటిలేటర్ పక్కన నిలబడ్డ డాక్టరు ఒకటి అంటాడు, ఓపీలో కూర్చున్న డాక్టరు ఇంకొకటి అంటాడు. సీవోపీడీ చికిత్సకి అంతర్జాతీయ మార్గదర్శకమైన గోల్డ్ నివేదిక కూడా దాదాపు ఇలాగే విడదీసింది. మూడు లక్షణాలూ ఉంటే ఇవ్వొచ్చు. రెండే ఉన్నా అందులో ఒకటి చీము కళ్ళె అయితే ఇవ్వొచ్చు. బైపాప్ లేదా వెంటిలేటర్ అవసరమైతే ఇవ్వాలి.

రక్తపరీక్ష తేల్చేస్తుందా

ఒంట్లో వాపుని కొలిచే సీఆర్పీ అందరికీ తెలిసిన పరీక్ష. నెదర్లాండ్స్‌లో 2019లో ఆసుపత్రిలో చేరిన రోగుల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి లక్షణాల్ని బట్టి, రెండో గుంపుకి సీఆర్పీ లీటరుకి 50 మిల్లీగ్రాములు దాటితేనే యాంటీబయాటిక్. మొదటి గుంపులో 46 శాతానికి, రెండో గుంపులో 32 శాతానికి మందు పడింది. నెలరోజుల్లో చికిత్స విఫలమైనవాళ్ళ సంఖ్యలో తేడా కనపడలేదు.

ప్రోకాల్సిటోనిన్ ఇంకాస్త ఖరీదైన రక్తపరీక్ష. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉంటే ఎక్కువగా పెరిగే పదార్థాన్ని కొలుస్తుంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 2007లో దీన్ని వాడి యాంటీబయాటిక్ వాడకాన్ని 72 శాతం నుంచి 40కి తగ్గించగలిగారు. అదే పద్ధతిని ఫ్రాన్స్‌లో ఐసీయూ రోగుల మీద 302 మందితో పరీక్షిస్తే, పాత పద్ధతికి ఏమీ తీసిపోదని నిరూపించలేకపోయారు. మొదట యాంటీబయాటిక్ ఆపినవాళ్ళలో మరణాలు ఎక్కువగా కనిపించి, అందరూ జాగ్రత్తపడ్డారు. వార్డులో ఉపయోగపడే కొలబద్దని ఐసీయూలో గుడ్డిగా నమ్మకూడదని ఆ అనుభవం చెప్పింది.

రిపోర్టు చేతికొచ్చినప్పుడు రెండు చోట్ల పొరపాటు పడతాం. కొన్ని ల్యాబులు సీఆర్పీని డెసిలీటరు లెక్కలో రాస్తాయి. అక్కడ 5 అంటే లీటరు లెక్కలో 50. అంకె చూసి "ఐదే కదా" అనుకోకూడదు. రెండోది తెల్ల రక్తకణాల సంఖ్య. చేరిన రోజు 9,000 ఉన్నది మూడో రోజుకి 14,000 అయితే ఇంట్లోవాళ్ళు "ఇన్ఫెక్షన్ పెరిగింది" అని బెంబేలు పడతారు. ఈలోగా ఒంట్లో పడ్డ స్టెరాయిడ్ ఒక్కటే ఆ సంఖ్యని పెంచగలదు. జ్వరం లేక, ఆయాసం తగ్గుతూ, కళ్ళె తెల్లబడుతుంటే ఆ 14,000 ఒక్కదాన్ని పట్టుకుని మందు మార్చడానికి కారణం లేదు.

ఒకే వార్డు, మూడు మంచాలు

ఊహించిన ముగ్గురు రోగుల్ని తీసుకుందాం.

మొదటి మంచం మీద 66 ఏళ్ళ రైతు. పొలంలో వరి కొయ్యకాళ్ళు కాల్చిన పొగ పీల్చాక రెండు రోజులుగా పిల్లికూతలు, ఆయాసం. కళ్ళె కొంచెం, తెల్లగా. జ్వరం లేదు. సీఆర్పీ 12. ఎక్స్‌రేలో కొత్తగా ఏమీ లేదు. మూడింటిలో ఒక్క లక్షణమే ఉంది. నెబులైజర్, ఐదు రోజుల స్టెరాయిడ్ చాలు. యాంటీబయాటిక్ లేకపోవడం ఇక్కడ నిర్లక్ష్యం కాదు.

రెండో మంచం మీద 70 ఏళ్ళ పెద్దావిడ. ఆయాసం, కళ్ళె రెట్టింపు, ఆకుపచ్చగా. సీఆర్పీ 85. మాట్లాడగలుగుతోంది, ఇడ్లీ తింటోంది. ఆమెకి యాంటీబయాటిక్ ఇవ్వడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. అయితే మింగగలిగినప్పుడు మాత్ర సరిపోతుంది. ఇంజెక్షన్ అంటేనే గట్టి మందు అన్నది మనకున్న నమ్మకం మాత్రమే.

మూడో మంచం మీద మగతగా ఉన్న 62 ఏళ్ళాయన. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి బైపాప్ పెట్టారు. కళ్ళె బయటికే రావట్లేదు, రంగు ఎవరికి తెలుసు? సీఆర్పీ 30, అటూ ఇటూ కాని అంకె. గత ఏడాదిలో మూడుసార్లు చేరాడు. ఇక్కడ అనుమానం రోగి పక్షాన వెళ్ళాలి. యాంటీబయాటిక్ మొదలవుతుంది. మాటిమాటికీ ఆసుపత్రిలో చేరి, మందులు చాలా చూసిన ఊపిరితిత్తుల్లో సూడోమోనాస్ అనే మొండి బ్యాక్టీరియా ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, దాన్నీ దృష్టిలో పెట్టుకుని మందు ఎంచుతారు, కళ్ళె దొరికిన వెంటనే కల్చర్‌కి పంపుతారు. రెండు మూడు రోజుల తర్వాత ఫలితం చూసి మందు తగ్గించడమో మార్చడమో ఆపడమో చేయాలి. కాగితం మీద అందరూ ఒప్పుకునే ఈ చివరి అడుగు, వార్డులో డ్యూటీలు మారేసరికి తరచూ జారిపోతుంది.

మన దగ్గర మందు ఎంచేటప్పుడు అడ్డొచ్చే సంగతులు

మామూలుగా ఎంచేవి అమాక్సిసిలిన్-క్లావులనేట్, డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ లాంటివి. పైపరాసిలిన్-టాజోబాక్టమ్, మెరోపెనెమ్ లాంటివి మూడో మంచం తరహా రోగులకి, అదీ కారణం ఉంటేనే.

లీవోఫ్లాక్సాసిన్, మాక్సీఫ్లాక్సాసిన్ కుటుంబం విషయంలో మన దేశంలో అదనంగా ఆలోచించాలి. ఇవి టీబీ క్రిమి మీద కూడా పనిచేస్తాయి. దగ్గు నిజానికి టీబీ వల్ల అయితే వారం రోజుల మాత్రతో కొంచెం తగ్గినట్టనిపించి, టీబీ బయటపడటం ఆలస్యమవుతుంది. మందులకి లొంగని టీబీకి వాడాల్సిన ఆయుధం కూడా అరిగిపోతుంది. పైగా అరవై దాటినవాళ్ళకి స్టెరాయిడ్‌తో కలిపి ఇస్తే మడమ దగ్గరి నరంలాంటి కండర బంధం తెగే ప్రమాదం పెరుగుతుంది. షుగర్ మాత్రలు వాడేవాళ్ళకి షుగర్ ఒక్కసారి పడిపోవచ్చు.

థియోఫిలిన్ ఇంకో చిక్కు. మన పల్లెల్లో, పట్నాల్లో ఆయాసానికి ఏళ్ళుగా నడుస్తున్న చవక మాత్ర ఇది. దీనికి సిప్రోఫ్లాక్సాసిన్‌గానీ క్లారిత్రోమైసిన్‌గానీ తోడైతే రక్తంలో థియోఫిలిన్ మోతాదు పెరిగి వాంతులు, గుండెదడ, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. ఇంట్లో వాడే మాత్రల సంచీని ఆసుపత్రికి తీసుకెళ్ళడం అందుకే అవసరం. అజిత్రోమైసిన్ గుండె లయ మీద ప్రభావం చూపగలదు కనుక, ఇదివరకే గుండె జబ్బున్నవాళ్ళలో ఈసీజీ చూస్తారు.

మందులకి లొంగని క్రిముల సంగతి విడిగా చెప్పక్కర్లేదు. 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకి అవే నేరుగా కారణమని అంచనా. 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ మెడికల్ కాలేజీల డాక్టర్లకి లేఖ రాస్తూ, యాంటీబయాటిక్ రాసేటప్పుడు ఎందుకు రాస్తున్నారో చీటీ మీద తప్పకుండా పేర్కొనాలని కోరారు. మొదటి మంచం రోగికి ఆ కారణం గడిలో ఏం రాస్తారు? "ఆయాసం" అని రాస్తే సరిపోదు. రెండో మంచానికి "చీము కళ్ళె, సీఆర్పీ 85" అని రాయడానికి క్షణం పట్టదు.

ఎన్ని రోజులు వాడాలి

ఈ ఒక్క విషయంలో జవాబు తేలిగ్గానే దొరికింది. పదివేల మందికి పైగా రోగులున్న 21 అధ్యయనాల్ని కలిపి 2008లో చూస్తే, ఐదు రోజులు గానీ అంతకన్నా తక్కువ గానీ వాడినవాళ్ళూ, ఎక్కువ రోజులు వాడినవాళ్ళూ సమానంగా కోలుకున్నారు. ఇప్పుడు ఎక్కువమంది డాక్టర్లు ఐదు రోజులే చాలంటారు, కొన్నిసార్లు ఏడు. "కోర్సు పొడిగిస్తే క్రిములు పూర్తిగా చస్తాయి" అన్న పాత మాటకి ఇక్కడ ఆధారం లేదు. అవసరాన్ని మించి ఎన్ని రోజులు మందు తగిలితే మిగతా బ్యాక్టీరియాకి అన్ని రోజుల తర్ఫీదు దొరుకుతుంది.

లెక్క తప్పేది డిశ్చార్జి రోజున. రెండో మంచం పెద్దావిడ సోమవారం చేరింది, ఆ రోజే యాంటీబయాటిక్ మొదలైంది. గురువారం ఇంటికి పంపేటప్పుడు చీటీలో "మాత్ర, రోజుకి రెండుసార్లు, 5 రోజులు" అని పడింది. ఆ ఐదు గురువారం నుంచి లెక్కేస్తే మొత్తం ఎనిమిది రోజులవుతుంది. ఆసుపత్రిలో గడిచిన సోమ, మంగళ, బుధవారాలు కూడా కోర్సులోవే. ఐదు రోజులని అనుకున్నప్పుడు మిగిలింది గురువారం, శుక్రవారం, అంటే నాలుగు మాత్రలు.